పొగగొట్టానికి పూడికతీత



పంటకాలువకు పూడిక తియ్యకపోతే ఏమవుతుందో రైతు సోదరులకు ఒకరు చెప్పనక్కరలేదు. తూము దగ్గర నీరు నిండుగానే కనిపిస్తుంది, చివరి మడికి మాత్రం చుక్క అందదు. ఎగదన్నిన నీరు గట్టు తెంచుకొని అక్కరలేని చోటికి పారుతుంది. అందుకే ఎండలు ముదిరిన రోజుల్లో, పొలంపనులు లేనప్పుడు, పలుగూ పారా పట్టుకొని కాలువలోకి దిగుతాము. సరిగ్గా అటువంటి కాలువే ఇంకొకటి మీ ఇంట్లో ఉన్నది. అది నేలమీద పారదు, నిలువునా పైకి పారుతుంది. అందులో పారేది నీరు కాదు, పొగ. పొయ్యి దగ్గర మొదలై కప్పు దాటి బయటికి పోయే పొగగొట్టాన్ని గురించి చెబుతున్నాను. ఈ కాలువకు పూడిక తీసి ఎన్నాళ్ళయింది అని అడిగితే, చాలా ఇళ్ళలో ఒకరి మొగం ఒకరు చూసుకుంటారు.

గ్యాసు వచ్చింది గదా, ఇంకా పొగగొట్టం గొడవ ఎందుకండీ అని మీలో కొందరికి అనిపించవచ్చు. గ్యాసు వచ్చిన మాట నిజమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో దేశమంతటికీ ఉజ్జ్వల పథకం వచ్చింది. అన్నం, కూర గ్యాసుమీదనే అవుతున్న ఇళ్ళు ఇప్పుడు పల్లెల్లోనూ చాలా ఉన్నాయి. కాని కట్టెలపొయ్యి వంటింట్లోనుంచి కదిలిందే గాని ఇంట్లోనుంచి కదలలేదు. స్నానాలకు నీళ్ళు కాగేది దానిమీదనే. ఎద్దులకు ఉలవలు ఉడికేది, గేదెకు కుడితి వెచ్చబడేది, సంక్రాంతికి అరిసెల పాకం పట్టేది దానిమీదనే. సిలిండరు ధర పెరిగిన నెలలో అన్నం కూడా మళ్ళీ దానిమీదికే వస్తుంది. పొయ్యి ఉన్నంతకాలం గొట్టం పని ఉంటుంది. పైగా వాడకం తగ్గిందని అశ్రద్ధ చేసిన గొట్టమే ఎక్కువ ప్రమాదం. వారం రోజులు చల్లగా పడి ఉన్న గొట్టంలో పిట్ట గూడు పెడుతుంది, కందిరీగ మట్టి మెత్తుతుంది. ఎనిమిదోనాడు మనం మంట వేస్తాము.

ఈ పొగరాని పొయ్యికి మన హైదరాబాదుతో పాత చుట్టరికమే ఉన్నది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్. పి. రాజు గారు, మట్టితో కట్టుకొని, ఒకే మంటమీద రెండుమూడు గిన్నెలు పెట్టుకొని, పొగను గొట్టంగుండా బయటికి పంపే పొయ్యిని రూపొందించారు. దానిని గురించి 1953లో ఒక చిన్న పుస్తకం కూడా వెలువడింది. ఆ తరువాత 1980ల నడుమ కేంద్రప్రభుత్వం మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి 2002 వరకు నడిపింది. దేశం మొత్తంమీద సుమారు మూడున్నర కోట్ల పొయ్యిలు వేయించారని లెక్క. ఆ పొయ్యిలు ఇప్పుడు ఎన్ని మిగిలాయి అని మన ఊళ్ళు తిరిగి చూస్తే, పొయ్యి విరిగి గొట్టం మాత్రం గోడకు ఆనుకొని నిలబడి ఉన్న ఇళ్ళు కనిపిస్తాయి. వేయించిన పొయ్యిలు లెక్క వ్రాసుకున్నారు గాని, తోమిన గొట్టాలు ఎవరు లెక్క వ్రాశారు?

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. ఒడిశాలో సుమారు 44 గ్రామాలలో, 2,600 కుటుంబాలలో ఇటువంటి గొట్టపు పొయ్యిలు వేయించి, వాటి ఫలితాన్ని నాలుగేళ్ళ దాకా ఆర్థికశాస్త్రజ్ఞులు కనిపెట్టి చూశారు. వారిలో ఎస్తర్ డఫ్లో గారు 2019లో నోబెల్ బహుమతి అందుకున్నవారు. మొదటి ఏడు ఆ ఇళ్ళలో ఆడవారు పీల్చే పొగ తగ్గింది. ఆ తరువాత తేడా లేకుండా పోయింది. పొయ్యిని వరుసగా వాడకపోవడం, దాని బాగోగులు చూసుకోకపోవడం అందుకు కారణాలని తేల్చి 2016లో ప్రకటించారు. కోస్తా జిల్లాలో ఒక అవ్వ ఈ సంగతినే ఒక్క ముక్కలో చెప్పింది. "మా ఇంట్లో గొట్టం ఉంది నాయనా, ఆ సంగతి పొగకే తెలియదు" అన్నది. ఆమె కూర్చున్న చోట దూలాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

గొట్టం ఎందుకు పూడుతుందో చూద్దాము. కట్టె పూర్తిగా మండితే వచ్చేది వేడిగాలి, నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు. కాని మన పొయ్యిలో కట్టె ఎన్నడూ పూర్తిగా మండదు. మండకుండా మిగిలిన బొగ్గు నుసి, తారువంటి జిగురు పొగతోబాటు పైకి లేస్తాయి. గొట్టం గోడ చల్లగా ఉంటే అక్కడ అంటుకుంటాయి. పచ్చికట్టె అయితే నీటి ఆవిరి ఎక్కువ, మంట వేడి తక్కువ, కనుక జిగురు మరీ ఎక్కువ. మొదట పలుచని మసి పడుతుంది, దానిమీద జిగురు, ఆ జిగురుకు మళ్ళీ మసి. ఈ విధంగా పొరమీద పొర పేరుకుంటుంది. వంపు ఉన్నచోట, కప్పు దాటి చలిగాలి తగిలే చోట, పైనున్న రేకుటోపీ క్రింద ఎక్కువగా పేరుకుంటుంది.

దీనివల్ల ఎంత నష్టమో లెక్క వేసి చూపుతాను. మీ గొట్టం అడ్డుకొలత నాలుగు అంగుళాలు అనుకోండి. పొగ పోయే దారి వైశాల్యం సుమారు పన్నెండున్నర చదరపు అంగుళాలు. చుట్టూరా అర అంగుళం మందాన మసి కట్టిందంటే అడ్డుకొలత మూడంగుళాలకు దిగుతుంది. దారి వైశాల్యం ఏడు చదరపు అంగుళాలే. అర అంగుళమే గదా అని మనం అనుకుంటాము. దారిలో మాత్రం దగ్గర దగ్గర సగం పోయింది. ఆ మిగిలిన దారి కూడా గరుకుగా ఉండి పొగను పట్టి ఆపుతుంది. పోలేని పొగ పొయ్యినోటినుంచి వెనక్కు తన్నుతుంది. వెనక్కు తన్నిన పొగ ముందుగా తగిలేది ఊదే మనిషి మొగానికి.

ఆ పొగ చేసే హాని అంతా కంటికి కనిపించేది కాదు. కళ్ళు మండి, దగ్గు వచ్చి ఊరుకుంటే ఎవరూ ఇంతగా చెప్పవలసిన పని లేదు. వంటింటి పొగవల్ల, 2020 ఒక్క సంవత్సరంలో ప్రపంచం మొత్తంమీద 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో రెండు లక్షలకు పైగా అయిదేళ్ళలోపు పసిపిల్లలు. పిల్లలకు ఊపిరితిత్తులలో నెమ్ము చేస్తుంది. పెద్దలకు ఆయాసం, గుండెజబ్బు, పక్షవాతం. పొయ్యి దగ్గర జీవితం గడిపిన ఆడవారికి కంటిలో శుక్లాలు ముందుగా రావడానికీ ఇది ఒక కారణం. వయసు మీదపడింది అని సరిపెట్టుకొనే ఆయాసం, వయసుది కాక వంటింటిది కావచ్చు.

ఇక రెండోది, కార్బన్ మోనాక్సైడు అనే వాయువు. ఇది బొగ్గుపులుసు వాయువు కాదు, వేరే. రంగు లేదు, వాసన లేదు. నిప్పుకు చాలినంత గాలి అందనప్పుడు పుడుతుంది. నెత్తుటిలో ప్రాణవాయువు కూర్చోవలసిన పీటమీద ఇది కూర్చుంటుంది, తేలికగా లేవదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి, కాళ్ళలో బలం తప్పిపోవడం దీని గుర్తులు. నిద్రలో ఉన్న మనిషికి ఆ గుర్తులు తెలియనే తెలియవు. అరకు, లంబసింగి ప్రాంతాలలో చలికాలపు రాత్రులు నిప్పులు ఇంట్లో పెట్టుకొని తలుపు బిగించుకొనేవారు ఈ మాట గట్టిగా చెవిని పెట్టుకోవలెను. గొట్టం పూడిన పొయ్యిలో కణకణలాడే నిప్పులు వదిలి ఆ గదిలోనే పడుకోవడం కూడా అంతే. ఎవరైనా అలా సోలిపోతే ముందు ఆరుబయటికి తీసుకొనిపోండి, తరువాత 108కు ఫోను చెయ్యండి.

మూడోది అగ్గి. గొట్టంలో కట్టిన తారు ఒక్కొక్కప్పుడు అంటుకుంటుంది. అప్పుడు గొట్టం లోపల పెద్ద ఈదురుగాలి వీచినట్లు హోరు వినిపిస్తుంది, పైనుంచి రవ్వలు చిమ్ముతాయి. తాటాకు కప్పు, రెల్లు కప్పు, ప్రక్కనే వరిగడ్డి వామి ఉన్న ఇంటికి ఒక్క రవ్వ చాలు. ఆ సమయంలో కంగారుపడి గొట్టంలో నీళ్ళు పొయ్యవద్దు. కాలిన గొట్టం పగిలి మంట ప్రక్కకు వస్తుంది. పొయ్యిలోని కట్టెలు లాగివేసి, ఇసుకో మన్నో చల్లి, పొయ్యినోరు తడిమట్టితో మూసివేయండి. గాలి అందకపోతే లోపలి మంట తగ్గుతుంది. నీళ్ళు గొట్టం చుట్టూ ఉన్న కప్పుమీద చల్లండి. పిల్లలను, ముసలివారిని, కట్టుకొయ్య దగ్గర పశువులను ముందే బయటికి పంపి, 101కి కబురు చెయ్యండి.

ఇప్పుడు అసలు పని. ఎవరు చెయ్యాలి? వంటిల్లు ఆడవారిది గనుక గొట్టమూ వారిదే అని మగవారు, కప్పు ఎక్కే పని మగవారిది అని ఆడవారు, ఇలా ఇద్దరి నడుమ గొట్టం పూడిపోతున్నది. కాడి, మేడి, కర్రు ఎవరు చూసుకుంటారో గొట్టమూ వారే చూసుకోవలెనని నా మనవి. చాలా ఊళ్ళలో అమావాస్యనాడు అరక కట్టరు. ఎద్దులకు విశ్రాంతి, రైతు ఇంటిపట్టున ఉంటాడు. ఆ పూట ఒక గంట గొట్టానికి కేటాయించండి. రోజూ కట్టెలమీద వంట అయ్యే ఇంట్లో నెలకొకసారి, నీళ్ళు కాచుకొనే పొయ్యికి రెండు మూడు నెలలకొకసారి సరిపోతుంది. తొలకరికి ముందు ఒకసారి, సంక్రాంతి పిండివంటలకు ముందు ఒకసారి మాత్రం తప్పించవద్దు.

కావలసిన సామాను అంతా ఇంట్లోదే. ముప్ఫై అడుగుల గట్టి తాడు, కొంచెం పురికొస, ఒక చిన్న ఇనుప నట్టో వలకు కట్టే సీసపు గుండో, కొబ్బరిపీచు, పాత గోనెపట్టా, మూతికి కట్టుకోను తడిగుడ్డ. పీచును గట్టిగా చుట్టి, గోనెముక్క కప్పి కుట్టి, పిడికిలికంటే కొంచెం పెద్ద ఉండగా చేసుకోండి. దాన్ని తాడుకు సరిగ్గా నడుమ బిగించండి. ఇప్పుడు ఉండకు పైన పదిహేను అడుగుల తాడు, క్రింద పదిహేను అడుగుల తాడు ఉన్నది. తాడు రెండువైపులా ఎందుకంటే, ఉండ నడుమ ఇరుక్కుంటే వెనక్కు లాగడానికి. ఒకవైపే తాడు కట్టి రాయి జారవిడిచేవారు ఉన్నారు. రాయి వంపులో పడి కూర్చుంటే గొట్టం పగలగొట్టడం తప్ప వేరే దారి ఉండదు.

ముందురోజు రాత్రినుంచి పొయ్యి వెలిగించవద్దు. బూడిద క్రింద నిప్పు దాగి ఉంటుంది, కనుక చేతితో చూసి చల్లబడిందని రూఢి చేసుకొని బూడిద ఎత్తివేయండి. ఉప్పు, పప్పు, నీళ్ళబిందె బయటపెట్టండి. పొయ్యికి ఉన్న అన్ని నోళ్ళమీద తడిపిన గోనెలు కప్పండి, లేకపోతే మసి ఇల్లంతా లేచి, శుభ్రం చేసినందుకు తిట్లు తినవలసి వస్తుంది. గొట్టం అడుగున మసి తీసే కంత ఉంటే మూత తియ్యండి. కంత లేకపోతే, గొట్టాన్ని ముట్టుకోకుండా, అది కూర్చున్న మట్టిదిమ్మెకు ఒక ఇటుక పట్టేంత కంత చెయ్యండి. పని అయిన తరువాత ఆ ఇటుకనే పెట్టి మట్టి, పేడ కలిపి మెత్తితే సరి. వచ్చే నెలకు అదే మీకు తలుపు అవుతుంది.

కప్పు ఎక్కే విషయంలో రెండు జాగ్రత్తలు. సిమెంటు రేకుమీద కాలు పెట్టవద్దు, అది చూడడానికి గట్టిగా ఉండి ఒక్కసారిగా విరుగుతుంది. పెంకులైనా అంతే. గట్టి నిచ్చెన గోడకు ఆనించి, క్రింద ఒక మనిషి పట్టుకొని ఉండగా, నిచ్చెనమీదనుంచే పని జరగవలెను. అవసరమైతే దూలాలమీద ఆనేటట్లు పలక వేసుకోండి. రెండవది, కరెంటు తీగ. ఇంటిమీదుగా తీగ పోతుంటే ఇనుపచువ్వ గాని, పొడుగు గొట్టం గాని పైకి ఎత్తనే వద్దు. పైకి ఎక్కడానికి వీలులేని ఇల్లయితే, క్రిందనుంచే వెదురు బద్దను సన్నగా చీల్చి, కొసకు పీచు కట్టి, త్రోసుకుంటూ పోవచ్చు. ఎండిన వెదురు వంపు దగ్గర కొంచెం వంగుతుంది, చువ్వ వంగదు.

పై టోపీ తీసి, ముందు నట్టు కట్టిన పురికొసను క్రిందికి వదలండి. అది అడుగు చేరితే దారి ఉన్నట్టే. చేరకపోతే గూడు ఉన్నట్టు. వెదురుబద్దతో క్రిందనుంచి మెల్లగా కదిలించండి. గూట్లో గుడ్లుగాని పిల్లలుగాని ఉంటే ఆ పొయ్యి మాని, పిట్టలు ఎగిరిపోయిన తరువాత తియ్యండి, నష్టమేమీ లేదు. పురికొసకు పెద్దతాడు కట్టి లాగితే తాడు గొట్టంలోకి వస్తుంది. ఇక పైన ఒకరు, క్రింద ఒకరు. పైవారు లాగినప్పుడు క్రిందివారు వదలాలి, క్రిందివారు లాగినప్పుడు పైవారు వదలాలి. రంపం లాగే ఇద్దరికి ఉన్నంత పొత్తు ఉంటే చాలు. పది, పదిహేను పర్యాయాలు లాగండి. చాలాకాలం తోమని గొట్టమైతే మొదట చిన్న ఉండ, తరువాత పెద్ద ఉండ. క్రింద రాలిన మసిని కంతలోనుంచి తీసి తడిపిన గోనెలో పొయ్యండి. టోపీ అడుగున పేరుకొన్న జిగురును పాత చెక్కముక్కతో గీకివేయండి. రేకుగొట్టానికి వంపు ఉంటే ఆ వంపుముక్క ఊడదీసి బయటికి తీసుకువెళ్ళి తట్టండి. అందులోనుంచి రాలేది చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

మీ గొట్టం దేనితో చేసినదో ముందే చూసుకోండి, ఇది ముఖ్యం. పాత పొయ్యిలకు వాడిన బూడిదరంగు గొట్టాలు చాలామట్టుకు ఆస్బెస్టాస్ సిమెంటువి. ఆస్బెస్టాస్ అంటే రాతినార. ఆ నార కంటికి ఆనని పోగులై ఊపిరితిత్తులలో చేరితే, ఏళ్ళు గడిచిన తరువాత క్యాన్సరు కూడా కలగవచ్చు. గొట్టం ముట్టుకున్నంత మాత్రాన భయం లేదు. దాన్ని కొయ్యడం, తొలచడం, ఇనుపబ్రష్షుతో పొడిగా గీకడం, పగలగొట్టడం చెయ్యకూడదు. అటువంటి గొట్టానికి పీచు ఉండనే, కొంచెం తడిపి, నెమ్మదిగా లాగండి. అంచులు పెళుసెక్కి రాలుతున్న గొట్టాన్ని తోమవద్దు, తడిపి, ముక్కలు చెయ్యకుండా దించి, రేకుగొట్టమో కుమ్మరి చేసిన మట్టిగొట్టమో వేయించుకోండి. దించిన గొట్టాన్ని కోళ్ళగూటికి, చెట్టుపాదుకు వాడుకుందామనే ఆలోచన వద్దు.

మసి కూడా మంచిది కాదు. లండనులో 1775లోనే పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు, పొగగొట్టాలు తోమే పనివారికి చర్మపు క్యాన్సరు రావడానికి మసే కారణమని గుర్తించాడు. ఆ పనివారిలో అనేకులు చిన్నతనంలోనే గొట్టాలలోకి దిగినవారు. సన్నగా ఉంటారు, దూరుతారు అని పిల్లలకు ఈ పని పెట్టడం మనకు వద్దు. గర్భిణులు, ఆయాసం ఉన్నవారు ఆ పూట ఇంటికి దూరంగా ఉండవలెను. తోమేవారు ముక్కుకు, మూతికి గుడ్డ కట్టుకొని, నిండుచేతుల చొక్కా వేసుకొని, పని కాగానే సబ్బుతో స్నానం చెయ్యండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. తెగిన గాయానికి పొగచూరు మసి అద్దే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా ఉన్నది, దాన్ని మానుకోవాలి. దానితో గాయం చీము పడుతుంది, ధనుర్వాతం రావచ్చు. ఆ మసిని కాటుకలో కలపడం గాని, పళ్ళు తోమడం గాని వద్దు. పెరట్లో బావికి దూరంగా మోకాటిలోతు గొయ్యి తీసి పూడ్చివేయండి. కట్టెబూడిద సంగతి వేరు. దానిలో పొటాషు, సున్నం ఉన్నాయి, కూరపాదులకు పలుచగా చల్లుకోవచ్చు. బూడిదకు ఉన్న గుణం మసికి లేదు, కనుక ఆకుకూరల మడిలో మసి వెయ్యకండి.

పని అయినట్టు ఎలా తెలుస్తుంది? పొయ్యి వెలిగించకముందే ఒక అగరువత్తి వెలిగించి పొయ్యినోటి దగ్గర పెట్టండి. పొగ లోపలికి వంగి గొట్టంవైపు పోతే దారి తెరుచుకున్నట్టు. తిన్నగా లేచి మీ మొగంమీదికి వస్తే ఇంకా అడ్డు ఉన్నది. ఒక్కొక్కసారి అడ్డు గొట్టంలో ఉండదు, వంటింటి తలుపులో ఉంటుంది. గొట్టం పైకి లాగే ప్రతి బారెడు గాలికీ అంతే గాలి గదిలోకి రావలెను గదా! గవాక్షానికి పాతచీర అడ్డం పెట్టి, తలుపు మూసి, గొట్టం లాగడం లేదంటే దాని తప్పు కాదు. గవాక్షాల జాలీకి కట్టిన బూజు, జిడ్డు కూడా ఆ రోజే చీపురుతో దులిపి వేడినీళ్ళతో కడగండి. గొట్టం కొస ఇంటికొప్పు కంటే కనీసం రెండడుగులు ఎత్తున ఉండవలెను. కొప్పుకంటే పల్లంగా ఉంటే, గాలి కప్పుమీదనుంచి జారి పొగను మళ్ళీ లోపలికి నెడుతుంది. తాటాకు ఇంట్లో గొట్టానికీ ఆకుకూ నడుమ జానెడు ఎడం వదిలి రేకుపట్టీ వేయించండి.

పూడిక త్వరగా పడకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉన్నది. వంటచెరకు వర్షాకాలానికి ముందే చీల్చి చూరు క్రింద పేర్చుకుంటే అది రెండు మూడు నెలల్లో ఎండుతుంది. తుమ్మ, సరుగుడు అయినా పచ్చిది పచ్చిదే. కందికట్టె, పత్తికట్టె సన్నగా ఉండి త్వరగా మండుతాయి గాని, వానకు తడిసిన పత్తిమోడు పొయ్యిలో పెడితే గొట్టం నెలకే నల్లజిగురు కారుతుంది. మంట అంటించడానికి పాలిథీను సంచీ ముక్క పెట్టే అలవాటు ఈమధ్య పెరిగింది. అది గొట్టానికీ చెడ్డది, పీల్చేవారికి అంతకంటే చెడ్డది. పురుగుమందుల డబ్బాలు, ఎరువుల సంచులు పొయ్యిలోకి అసలే పోకూడదు. ఎండిన కొబ్బరిమట్టనో నాలుగు ఈనెపుల్లలనో ఎండాకాలంలోనే ఒక మూల దాచుకుంటే సంచీ అవసరమే రాదు.

పట్నంలో ఉన్న అబ్బాయి ఇంట్లోనో, మీ కొత్త ఇంట్లోనో గ్యాసుపొయ్యిమీద కరెంటు చిమ్నీ ఉంటే దానిదీ ఇదే కథ. అక్కడ పేరుకొనేది మసి కాదు, నూనెజిడ్డు, అదీ మండేదే. ముందు స్విచ్చి కట్టి, ప్లగ్గు ఊడదియ్యండి. జాలీలు తీసి, వేడినీళ్ళలో సబ్బుపొడి వేసి, అరగంట నానబెట్టి కడిగి, పూర్తిగా ఆరిన తరువాత పెట్టండి. మడతలు మడతలుగా ఉండే అల్యూమినియం గొట్టం గోడవైపు బిగించిన పట్టీ విప్పితే ఊడి వస్తుంది. లోపల గుడ్డతో తుడవండి, గట్టిగా లాగితే చిరుగుతుంది. చిరిగినదానికి మాసిక వెయ్యకుండా కొత్తది వేసుకోవడమే మేలు. లోపలి మోటారుమీద నీళ్ళు చల్లకండి. ఏడాదికొకసారి గోడ బయటివైపు మూత తెరుచుకుంటున్నదో లేదో చూడండి, పావురాలకు ఆ కంత అంటే మహా ఇష్టం.

ఇంకొక్క చిన్నమాట చెప్పి సెలవు తీసుకుంటాను. తోమిన రోజున పొయ్యి ప్రక్క గోడమీద బొగ్గుతో ఒక గీత గియ్యండి, ఆ నెల పేరు వ్రాయండి. పాలవాడి లెక్కకు, చాకలి పద్దుకు గోడమీద గీతలు గీసిన ఇళ్ళే మనవి. ఇంటికి వచ్చిన కొత్తకోడలికి గాని, సెలవులకు వచ్చిన మనవడికి గాని ఎవరూ చెప్పకుండానే ఈసారి పూడిక ఎప్పుడు తియ్యాలో గోడే చెబుతుంది. టోపీ తిరిగి బిగించారో లేదో మాత్రం నిచ్చెన దించకముందే చూసుకోండి, వానాకాలంలో గొట్టంగుండా దిగిన నీరు పొయ్యిదిమ్మెను ఒక్కరాత్రిలో కరిగించివేస్తుంది.